కొక్కెం విడిచిన తర్వాత

పోయిన నెల క్లాసులో ప్రొజెక్టైల్స్ చెప్తా ఉన్నాను. బోర్డు మీద విమానం బొమ్మేసి, అందులోనుంచి జారిన వస్తువు ముందుకూ పోతా కిందకీ పడతా ఉంటుంది, అందుకే దాని దారి వంపు తిరుగుతుంది అని ఏటా చెప్పేదే చెప్పినాను. పుత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్లోడొకడు లేచి, "సార్, బ్రహ్మోస్ నేల మీద నుంచి ఎగిరిందంటే గొప్పే, షిప్పు మీద నుంచి ఎగిరిందంటే గొప్పే, విమానం నుంచి వేస్తే ఏముంది సార్, కొక్కెం విప్పితే అదే పడుతుంది కదా, బాంబు మాదిరి" అన్నాడు. అప్పుడే గంట కొట్టేసినారు. "రేపు చెప్తానప్పా" అన్నాను గానీ ఆ రోజంతా ఆ మాటే తలలో తిరగతా ఉండింది. వాడు అడిగినదాంట్లో తప్పేం లేదు, పేపర్లో వార్త చదివితే ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది. "సుఖోయ్ యుద్ధవిమానం నుంచి ప్రయోగం విజయవంతం, లక్ష్యాన్ని ఛేదించింది" అని నాలుగు లైన్లు, ఒక ఫోటో, అంతే. ఆ నాలుగు లైన్ల వెనకాల ఎన్నేళ్ళు పోయినాయో, దేనిదగ్గర తల పట్టుకున్నారో ఎవరూ రాయరు. నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పే మనిషిని, డిఫెన్సు వాణ్ణి కాదు, కానీ బ్రహ్మోస్ అనే ఈ క్షిపణి సంగతి చాలా ఏళ్ళ నుంచి వదలకుండా చదువుతా ఉన్నాను. అందుకే ఆ పిల్లోడికి చెప్పిందీ, క్లాసులో టైం చాలక చెప్పలేకపోయిందీ అంతా ఈడ రాస్తా ఉన్నాను.

ముందు సంవత్సరాలు చూడండి. బ్రహ్మోస్ కోసం ఇండియా, రష్యా ఒప్పందం రాసుకున్నది 1998 ఫిబ్రవరిలో, మన తరఫున సంతకం పెట్టింది కలాం గారు. బ్రహ్మపుత్ర నుంచి సగం, రష్యాలో ఉండే మోస్క్వా నది నుంచి సగం తీసి పేరు పెట్టినారు. మొదటిసారి ఎగిరింది 2001 జూన్ 12న, ఒడిశా చాందీపూర్‌లో. 2005కి నేవీలో ఐఎన్ఎస్ రాజ్‌పుత్ మీదికి ఎక్కింది, 2007కి ఆర్మీకి వచ్చేసింది. మరి యుద్ధవిమానం నుంచి మొట్టమొదట వదిలింది ఎప్పుడు? 2017 నవంబర్ 22న. మొదటి పరీక్షకీ దీనికీ మధ్యన 16 ఏళ్ళు. కొక్కెం విప్పడమే పని అయితే 16 ఏళ్ళు ఎందుకు పడతాయప్పా?

బరువు దగ్గర నుంచి వస్తాను. నేల మీద నుంచి లేచే బ్రహ్మోస్ 3 టన్నుల దాకా ఉంటుంది, విమానం కోసం దాన్ని తగ్గించి తగ్గించి 2.5 టన్నులకి తెచ్చినారు. మన పక్క మామిడికాయలు తోలే టాటా ఏస్ బండికి ముప్పావు టన్ను లోడు అనుకుంటే మూడు బండ్ల సరుకు దాటిపోతుంది, ఆ బరువంతా ఒకే దూలం మాదిరి 8 మీటర్ల పొడుగున విమానం పొట్ట కింద నడిమధ్యన వేలాడాలి, అదీ ఊరికే వేలాడితే చాలదు, విమానం ఒక్కసారిగా మలుపు తీసుకుంటే అదే బరువు కొన్ని రెట్లు అయినట్టు లాగుతుంది. అందుకే మామూలు సుఖోయ్-30 ఎంకేఐకి దీన్ని తగిలించి పంపించడం కుదరదు. నాసిక్‌లో మన విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్ వాళ్ళు విమానం పొట్టని గట్టి చేసి, వైరింగ్ మార్చి, కొత్త లాంచర్ బిగించినారు. క్షిపణిని మోసుకుని ఆ విమానం మొదటిసారి లేచింది 2016 జూన్ 25న, నాసిక్‌లోనే, ఆ రోజు వదల్లేదు, ఊరికే మోసుకుని తిరిగి దింపినారు. ఆ మోసుకుని తిరగడమే ఒక పరీక్ష అని మనకి తట్టదు.

పిల్లోడు అడిగిన వారమే ఆదివారం చిత్తూరు పోయినాను, మా మామ దగ్గరికి. ఆయన ఎయిర్ ఫోర్స్‌లో ఆర్మమెంట్ ట్రేడ్‌లో చేసి ఎప్పుడో రిటైర్ అయినాడు, బ్రహ్మోస్ కాలం కాదు ఆయనది, కానీ విమానం కింద బాంబులు ఎక్కించడం, దింపడం జీవితమంతా చేసిన మనిషి. ఊరి బయట తోట ఉంది, తోతాపురి మామిడి. నేను పోయేసరికి కోత జరగతా ఉంది. ఈ ప్రశ్న చెప్పినాను. ఆయన ఏం మాట్లాడకుండా చిక్కం కట్టిన దోటి తీసుకుని, నాలుగు కాయలు గుత్తిగా వేలాడే ఒక కొమ్మ కిందికి తీసుకుపోయినాడు. "రేయ్ అల్లుడా, కొమ్మని చూడు, కాయని కాదు" అన్నాడు. దోటి పెట్టి లాగినాడు, గుత్తి తెగి చిక్కంలో పడింది. కొమ్మ ఝుమ్మని పైకి లేచి పోయింది, పై కొమ్మకి తగిలి ఆకులు రాలినాయి, ఒక పిందె కూడా రాలింది. "చూస్తివా. కాయ కిందకి పోయిందని నువ్వు చూస్తావు, కొమ్మ పైకి పోయిందని మేం చూస్తాం" అన్నాడు.

నాకు ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. విమానం గాల్లో నిలబడేది రెక్కలు పుట్టించే లిఫ్ట్, అంటే పైకి ఎత్తే బలం మీద, ఆ లిఫ్ట్ క్షిపణి బరువుకి కూడా సరిపోయేటట్టు ఉంటుంది కదా, కొక్కెం విడిచిన క్షణాన 2.5 టన్నులు మాయం, లిఫ్ట్ మాత్రం అట్లాగే ఉంది, అంటే విమానం ఒక్కసారిగా పైకి ఎగురుతుంది, ముక్కు ఎటైనా తిరగొచ్చు, దాన్ని కంట్రోల్ సిస్టం ముందే లెక్కేసుకుని పట్టుకోవాలి. ఇంకోపక్క విమానం పొట్ట కింద గాలి సాఫీగా పారదు, సుడులు తిరుగుతుంది, వదిలిన వస్తువుని ఆ గాలే మళ్ళీ పైకి తోసి విమానానికి కొట్టించిన సందర్భాలు విమానాల చరిత్రలో ఉన్నాయి. అందుకని ముందు కంప్యూటర్లో, తర్వాత గాలిని వేగంగా పారించే విండ్ టన్నెల్లో చిన్న మోడల్స్‌తో, ఆ తర్వాత అదే బరువు, అదే ఆకారం ఉండే డమ్మీలతో చూసుకుంటారు. విమానం నుంచి పడేటప్పుడు పల్టీ కొట్టకుండా ఈ క్షిపణి వెనక భాగానికి అదనంగా రెక్కలు పెట్టినారు. నేల మీది దానికి అవి లేవు.

ఇప్పుడు కిందకి పడతా ఉన్న క్షిపణి సంగతి. ఇది రెండు దశలది. మొదటిది ఘన ఇంధనం బూస్టర్, రెండోది ద్రవ ఇంధనం రామ్‌జెట్. రామ్‌జెట్ అంటే ఫ్యాను, టర్బైను ఏమీ లేని ఇంజను, ముందునుంచి దూసుకొచ్చే గాలి తన వేగానికి తానే నొక్కుకుపోతే అందులో ఇంధనం చిమ్మి మండిస్తారు. చానా సింపుల్‌గా కనిపిస్తుంది కానీ నిలబడి ఉన్నప్పుడు అది పనికిరాదు, ముందు ఎవరో ఒకరు దాన్ని ధ్వని వేగం దాటించి తోసి పెట్టాలి. ఆ తోసే పని బూస్టర్‌ది. విమానం అప్పటికే వేగంగా పోతా ఉంటుంది కాబట్టి గాల్లో వెర్షన్‌కి చిన్న బూస్టర్ చాలు, బరువు తగ్గింది చాలావరకు ఈడే. కానీ ఆ బూస్టర్ పొట్ట కింద ఉండగానే అంటుకుంటే? విమానమే కాలిపోతుంది, దాని పొగ ఇంజన్లలోకి పోయినా ఇంజన్లు ఆగిపోవచ్చు. అందుకే ముందు ఊరికే జారవిడుస్తారు, అది బరువుకి తానుగా కిందకి పడి, విమానానికి దూరం అయినాకనే బూస్టర్ అంటుకోవాలి. మా పుత్తూరు పిల్లోడు చెప్పిన "బాంబు మాదిరి" అనేది ఆ కాసేపు మాత్రం నిజం. ఆ కాసేపట్లో ఇంజను లేదు, పైలట్ చేతిలో లేదు, వెనక్కి పిలిచే దారి లేదు. ఆ తర్వాత మ్యాక్ 2.8, ధ్వని వేగానికి 2.8 రెట్లు, అంటే ఎత్తుని బట్టి సెకనుకి 800 మీటర్ల నుంచి 950 మీటర్ల దాకా. తిరుపతి నుంచి చెన్నైకి బస్సెక్కితే మూడు గంటలు దాటుతుంది, దీనికి రెండు నిమిషాల చిల్లర.

ఇవన్నీ కూడా అసలు కష్టం కాదు అని నేనంటాను. నన్ను అన్నిటికన్నా పట్టుకున్నది వేరే ఉంది. 2019లో రెండో పరీక్ష అయినప్పుడు ఎయిర్ ఫోర్స్ ఇచ్చిన ప్రకటనలో ఒక వాక్యం ఉంది, మన ఇంజనీర్లు దాటిన పెద్ద ఇబ్బందుల్లో ఒకటి క్షిపణి ఇనర్షియల్ సెన్సార్ల "ట్రాన్స్‌ఫర్ అలైన్‌మెంట్" అని. పేపర్లు దాన్ని వదిలేసినాయి. నేను మాత్రం ఆ ముక్క దగ్గరే ఆగిపోయినాను.

అదేందో చెప్తాను. చిన్నప్పుడు తిరుమలకి పోయే బస్సులో మా అన్న, నేను ఒక ఆట ఆడేవాళ్ళం. ఘాట్ రోడ్డు మొదలుకాగానే కళ్ళు మూసుకోవాలి. బస్సు ఎడమకి తిరిగితే ఒళ్ళు కుడికి పోతుంది, కుడికి తిరిగితే ఎడమకి. ఆ ఊపుని బట్టి ఇప్పుడు బస్సు ముఖం ఎటు ఉంది, తిరుపతి ఊరు ఏ పక్క ఉంది అని వేలు పెట్టి చూపించాలి, తర్వాత కళ్ళు తెరిచి చూసుకోవాలి. మొదటి నాలుగైదు మలుపులు కరెక్ట్‌గా చెప్పేవాళ్ళం, ఆ తర్వాత తప్పు మీద తప్పు కూడుకుని చివరికి కొండ ఉండే దిక్కుని లోయ అనేవాళ్ళం. ఇనర్షియల్ నావిగేషన్ అంటే ఇదే. బయటికి చూడకుండా, లోపల తగిలే కుదుపుల్ని, తిరుగుళ్ళని కూడుకుంటా పోయి నేనెక్కడున్నాను, ఎటు పోతా ఉన్నాను అని లెక్కేసుకోవడం. ఈ లెక్కకి ఒక్కటే ప్రాణం, మొదలుపెట్టినప్పుడు నువ్వు ఎక్కడున్నావు, నీ ముఖం ఎటు ఉంది అనేది తప్పు లేకుండా తెలియాలి. మొదట్లో ఒక్క డిగ్రీ తేడా వస్తే 290 కిలోమీటర్లు పోయేసరికి 5 కిలోమీటర్లు పక్కకి పోతుంది, డిగ్రీలో పదోవంతు తేడా వచ్చినా అర కిలోమీటరు. శాటిలైట్ సిగ్నల్ సాయం ఉంటుంది, చివర్లో క్షిపణిలోనే ఉండే రాడార్ సీకర్ లక్ష్యాన్ని వెతుక్కుంటుంది, నిజమే, కానీ సీకర్ చూడగలిగిన చోటికి ముందు చేరాలి కదా.

నేల మీద లాంచర్ అయితే కదలకుండా నిలబడి ఉంటుంది, క్షిపణి తీరిగ్గా తన సెన్సార్లని సరిచేసుకుంటుంది. విమానం కింద అట్లా ఎట్లా? విమానం పోతా ఉంది, ఊగుతా ఉంది, గాలికి బాడీ సన్నగా వంగుతా ఉంది. విమానానికి తన స్థానం బాగా తెలుసు, ఆ తెలివిని కింద వేలాడే క్షిపణికి అప్పగించాలి, అప్పగించేటప్పుడు ఇద్దరి మధ్య ఉండే చిన్న వంకరని కూడా లెక్కలోకి తీసుకోవాలి. విమానం సెన్సార్లు ఏం చెప్తా ఉన్నాయి, క్షిపణి సెన్సార్లు ఏం చెప్తా ఉన్నాయి అని రెండిట్నీ పక్కపక్కన పెట్టి పోలుస్తా పోలుస్తా తేడాని పట్టుకుని దిద్దుతారు. దాన్నే ట్రాన్స్‌ఫర్ అలైన్‌మెంట్ అంటారు.

ఇది నాకు ఎంత కష్టమో తెలుసు, పుస్తకంలో చదివి కాదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నేను ఒక చిన్న మూడు చక్రాల బండి చేసినాను, దాంట్లో తిరుగుడుని కొలిచే చవక గైరో చిప్ పెట్టి, కారిడార్ మధ్యలో నేరుగా 20 మీటర్లు పోయి ఆగాలి అని ప్రోగ్రాం. నాలుగు రోజులు అది గోడకి పోయి కొట్టుకుంటానే ఉంది. ఒకసారి ఎడమ గోడ, ఒకసారి కుడి గోడ. మోటార్లు మార్చినాను, చక్రాలు మార్చినాను, కోడ్ మొత్తం తిరగరాసినాను. ఐదో రోజు అర్ధరాత్రి దాటినాక తెలిసింది, నేను బండిని చేత్తో పట్టుకుని స్విచ్ వేసి, ఆ తర్వాత నేల మీద పెడతా ఉన్నాను. చిప్ స్విచ్ వేసిన మొదటి సెకన్లలో ఉండే స్థితినే "కదలిక లేదు" అని సున్నాగా రాసుకుంటుంది. నా చెయ్యి ఆ టైంలో కొంచెం తిరుగుతా ఉండేది. ఆ కొంచెం తిరుగుడు దానికి సున్నా అయిపోయింది, ఇంక జీవితమంతా దానికి నేరుగా పోవడం అంటే వంకరగా పోవడమే. నేల మీద పెట్టి, కదలకుండా ఇరవై సెకన్లు ఉంచి స్విచ్ వేస్తే 20 మీటర్లు పోయి గీత దగ్గర ఆగింది. ఆ రాత్రి ఖాళీ కారిడార్‌లో ఆ బండి ముందర నేను చాలాసేపు కూర్చుండిపోయినాను. కదిలే చేతిలో సున్నా పెట్టుకోవడం ఎంత పెద్ద సమస్యో ఆ రోజు ఒంటికి ఎక్కింది. మన ఎయిర్ ఫోర్స్ ఇంజనీర్లు చేసింది సరిగ్గా అదే పని, కాకపోతే చెయ్యి బదులు గాల్లో దూసుకుపోయే సుఖోయ్. విమానం సాఫ్ట్‌వేర్ కూడా బయటోళ్ళ కోసం చూడకుండా వాళ్ళే రాసుకున్నారు. ఆ 2019 పరీక్ష టైంలో మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ చైర్మన్‌గా ఉన్న సతీశ్ రెడ్డి గారు మన పక్క నెల్లూరు జిల్లా మనిషి, అనంతపురం జేఎన్‌టీయూలో చదివినారు, ఆయన ఎక్కువగా పని చేసింది కూడా ఈ నావిగేషన్ మీదనే. ఈ మాట క్లాసులో చెప్తే పిల్లలు నిటారుగా కూర్చున్నారు.

పరీక్షల వరుస కూడా దీన్ని మనసులో పెట్టుకుని చూస్తే వేరేగా కనిపిస్తుంది. 2017లో సముద్రం మీద లక్ష్యం, బంగాళాఖాతంలో. ఖాళీ నీళ్ళ మీద ఓడ రాడార్‌కి స్పష్టంగా కనపడుతుంది. 2019 మే 22న నేల మీద లక్ష్యం, అండమాన్ నికోబార్ దీవుల్లో, చుట్టూ మట్టీ రాళ్ళూ చెట్లూ ఉండే చోట గురి పట్టడం వేరే కష్టం. 2020 జనవరి 20న తంజావూరులో ఈ సుఖోయ్‌లతో ఎయిర్ ఫోర్స్ దళం 222 స్క్వాడ్రన్, టైగర్ షార్క్స్, మళ్ళీ మొదలయింది. అదే ఏడాది అక్టోబర్ 30న పంజాబ్‌లో లేచిన విమానం దారిలో గాల్లోనే ఇంధనం నింపుకుని దేశం ఈ చివరిదాకా వచ్చి బంగాళాఖాతంలో ఓడని కొట్టింది. గంటల తరబడి మోసుకొచ్చినాక వదిలితే కూడా లెక్క తప్పలేదు అని దాని అర్థం, నాకు అన్నిటిలోకి ఇదే నచ్చింది. తర్వాత 2022 మేలో, డిసెంబర్‌లో ఎక్కువ దూరం పోయేది, డిసెంబర్‌లో చెప్పిన దూరం 400 కిలోమీటర్లు.

అన్నీ మంచి రోజులే రాయడం న్యాయం కాదు. 2022 మార్చి 9న మెయింటెనెన్స్ టైంలో మన క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లో పడింది, అందులో పేలుడు పదార్థం లేదు. విమానం నుంచి పోయింది కాదు అది. ప్రభుత్వం ఒప్పుకుంది, విచారణ జరిగింది, ముగ్గురు ఆఫీసర్లని ఉద్యోగం నుంచి తీసేసినారు. మామని దీని గురించి అడిగితే ఆయన ముఖం మారిపోయింది. లోపలికి పోయి పాత ట్రంకు పెట్టెలోనుంచి ఒక ఎర్ర గుడ్డ పట్టీ తెచ్చినాడు, ఎండకి వెలిసి ఇటుక రంగుకి తిరిగింది, దాని మీద తెల్ల అక్షరాలు సగం పోయినాయి. ఎగరకముందు తీసేయాల్సిన సేఫ్టీ పిన్నులకి ఇట్లాంటివి కట్టి ఉంటాయి. "తీసిన ప్రతి పిన్నూ చేత్తో పట్టుకుని పైలట్‌కి కనపడేటట్టు ఎత్తి లెక్క చూపిస్తాం. ఒక్కటి తక్కువైనా విమానం కదలదు. లెక్క తప్పితే మనిషి తప్పినట్టే" అన్నాడు. ఆయన ఇంకేం మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

ఇంకో మాట కూడా రాయాలి. శ్రీహరికోటలో రాత్రిపూట రాకెట్ లేస్తే మా మిద్దె మీద నుంచి కనపడుతుంది, తూర్పున ఆకాశం నారింజ రంగుకి తిరిగి ఒక నిప్పు గీత పైకి పోతుంది, మా అమ్మ వంట వదిలేసి వచ్చి దండం పెట్టుకుంటుంది. నేను ఇది రాస్తా ఉంటే ఏం రాస్తా ఉండావురా అని అడిగింది, చెప్పినాను. "అది చంద్రుడి మీదికి పోయేది కాదు కదరా, అది పడే చోట మనుషులు ఉంటారు" అన్నది. 300 కిలోల వార్‌హెడ్, అంటే పేలే భాగం, అది, అమ్మ మాట నిజం. దానికి నా దగ్గర ఎదురు మాట లేదు. వదిలితే పక్కింటి మీద పడకుండా చెప్పిన చోటే పడాలి అనేదాని కోసమే ఈ 16 ఏళ్ళ కష్టంలో ఎక్కువ భాగం పోయింది అని చెప్పినాను, ఆమె విన్నది గానీ ఒప్పుకోలేదు. నేను ఈ పనిని గౌరవిస్తాను, ఆమె భయాన్నీ గౌరవిస్తాను, రెండూ నా ఇంట్లోనే ఉన్నాయి.

మామూలుగా అయితే పిల్లలు విని ఊరుకుంటారు. మా పుత్తూరు పిల్లోడు ఊరుకోలేదు. వాళ్ళ నాయన ఫోన్‌లో గైరో చూపించే యాప్ వేసుకుని, ఒక రోజు తిరుపతి బస్టాండ్‌లో బస్సు కదలకముందు సున్నా పెట్టుకుని, ఇంకో రోజు రేణిగుంట దాటినాక బస్సు మలుపులో ఊగతా ఉండగా సున్నా పెట్టుకుని, పుత్తూరులో దిగేటప్పుడు రెండు రోజులూ యాప్ ఏ దిక్కు చూపిస్తా ఉందో నోట్‌బుక్‌లో రాసుకొచ్చినాడు. మొదటి రోజుది కొంచెం తేడా, రెండో రోజుది ఊరే మారిపోయినంత తేడా. క్లాసు అయినాక ఆ పేజీ నా టేబుల్ మీద పెట్టి, "సార్, క్షిపణికి విమానం చెప్తుంది అన్నారు. మరి విమానానికి ఎవరు చెప్తారు సార్, నీ ముఖం ఎటు ఉంది అని?" అన్నాడు.

ఈసారి గంట కొట్టినా నేను ఆపలేదు. విమానం ఇంకా నేల మీద కదలకుండా నిలబడి ఉండగానే దాని గైరోలు ఒక తిరుగుడు పసిగడతాయి, గంటకి 15 డిగ్రీలు, అది భూమి తిరిగేది. మనకి ఎవరికీ తెలియదు, నిలబడే ఉన్నాం అనుకుంటాం. ఆ గైరోకి తెలుస్తుంది, దాన్ని బట్టి ఉత్తరం ఎటో కనుక్కుంటుంది. వాడు కిటికీలోనుంచి బయటికి, కొండ వైపు చూసినాడు. "ఇప్పుడు కూడా తిరగతా ఉందా సార్" అన్నాడు. ఉందప్పా అన్నాను.